నలభై లీటర్ల నీళ్ళు, ఐదడుగుల పేగు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం పైగా కడుపు గురించే. అందులోనూ పేగులు కడిగించుకోవడం గురించి ఇన్ని ఒకేసారి ఎప్పుడూ రాలేదు. కోలన్ థెరపీ అని కొందరు, హైడ్రో అని కొందరు, ‘ఆ పైపు ట్రీట్‌మెంట్’ అని ఒకావిడ, అందరూ అడిగేది మాత్రం ఒకటే, చేయించుకోవచ్చా వద్దా అని. అందుకని ఈసారికి బీపీ, షుగర్ ప్రశ్నలు పక్కన పెట్టాను, కోప్పడొద్దు. ఉత్తరాలు కాస్త కుదించాను, పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్కారం. నాకు 56. మాది కావలి దగ్గర పల్లె, రొయ్యల గుంటలున్నాయి. రాత్రిళ్ళు గుంట కాడే పడుకుంటా, తిండికి వేళాపాళా ఉండదు. అయినా పొద్దున లేవగానే మోషన్ గడియారం పెట్టినట్టు వచ్చేది. ఆరు నెలల నుంచి రెండు మూడు రోజులకోసారి, అదీ ముక్కితే చిటికెన వేలంత సన్నంగా వస్తోంది. ఒక్కోసారి రక్తం చారలు కనపడతాయి, మొలలే కదా అని ఊరుకున్నా. మా బావమరిది చెన్నైలో కోలన్ థెరపీ మూడు సిట్టింగులు చేయించుకుని వచ్చి ‘ఒళ్ళు గాల్లో తేలినట్టుంది బావా, నలభై ఏళ్ళ మురికి గొట్టంలో పోతా ఉంటే నా కళ్ళతో చూసినా’ అంటున్నాడు. నన్నూ రమ్మంటున్నాడు. లాభమెంత, నష్టమెంత, రెండూ రాయండి. భయపెట్టొద్దు.

జవాబు: మీ బావమరిది చెప్పింది అబద్ధం కాదు. వారం రోజులు కడుపులో మలం, గ్యాసు మోసుకుని తిరిగిన మనిషికి గంటలో అదంతా ఖాళీ అయిపోతే తేలిగ్గానే ఉంటుంది. పెళ్ళి భోజనం చేసిన మర్నాడు సుఖంగా విరేచనమైతే మనకు ఉండదా, అదే ఇది. ఆయన దాన్ని విషం పోయిందనుకుంటున్నాడు, పొరపాటంతా అక్కడే.

ఆ చేసేదేమిటో ముందు చెప్తాను. బల్ల మీద పడుకోబెట్టి మలద్వారంలో గొట్టం పెడతారు, గోరువెచ్చటి నీళ్ళు ఒక దారిన లోపలికి పోతాయి, ఇంకో దారిన మలంతో కలిసి బయటికొస్తాయి, మధ్యలో పొట్ట మీద మర్దన. ముప్పావు గంట, గంట సేపట్లో మొత్తం మీద నలభై, ఒక్కోచోట అరవై లీటర్ల దాకా నీళ్ళు తిరుగుతాయి. బయటికొచ్చే గొట్టానికి ఒకచోట గాజు ముక్క ఉంటుంది, వెనక లైటు కూడా పెడతారు, ఏం పోతోందో మీరు చూడాలని. (ఆ లైటు పెట్టాలన్న ఆలోచన ఎవరికొచ్చిందో గానీ వ్యాపారం తెలిసినవాడు.) అందులో కనపడేది నలభై ఏళ్ళ మురికి కాదు. మొన్నటి టమోటా తొక్క, మిరప గింజలు, గోంగూర పీచు, వాటికి పట్టుకున్న జిగురు. ఆ జిగురు పేగు తనకు తాను పూసుకునే నూనె లాంటిది, ఉండాల్సిందే. కొందరికి నల్లటి తాళ్ళలాంటివి పడతాయి, అవి చూసి హడలిపోతారు. ముందు వారమంతా ఏదైనా పొడి తాగమన్నారా అని మీ బావమరిదిని అడగండి. అలాంటి పొడుల్లో ఇసబ్‌గోలు, ఒక రకం బంకమట్టి ఉంటాయి, అవి నీళ్ళు పీల్చుకుని ఉబ్బి పేగు ఆకారంలో ముద్దకట్టి తాళ్ళలాగా బయటికొస్తాయి. అంటే ఆ మురికిని డబ్బులిచ్చి లోపలికి పంపింది ఆయనే.

పెద్దపేగు పొడవు సుమారు ఐదడుగులు. అన్నంలో సారమంతా చిన్నపేగులోనే లాగేసుకున్నాక మిగిలిన లీటరున్నర దాకా పలచటి ద్రవం రోజూ దీంట్లోకి దిగుతుంది, అందులో నీళ్ళూ ఉప్పులూ ఇది పీల్చుకుని చివరికి వంద నుంచి రెండొందల గ్రాములు బయటికి తోస్తుంది. లోపలి గోడ మీద కణాలు నాలుగైదు రోజులకోసారి రాలిపోయి కొత్తవి పుడతాయి. గోడే వారం నిలవనప్పుడు దాని మీద నలభై ఏళ్ళ మురికి ఎక్కడ పట్టుకుని ఉంటుంది? ఇక విషాల సంగతంటారా, పేగు నుంచి వెళ్ళే రక్తం నేరుగా లివర్‌కే పోతుంది, వడపోత పని దానిదీ కిడ్నీలదీ. బయటి నుంచి మనం కడిగి వాటికి చేసే సాయమేమీ లేదు.

ఈ భయం కొత్తదీ కాదు. వందేళ్ళ కిందట లండన్‌లో ఆర్బత్‌నాట్ లేన్ అని పేరుమోసిన సర్జన్ ఉండేవాడు, మలం లోపల నిలిస్తే ఒళ్ళంతా విషమవుతుందని నమ్మి మలబద్ధకానికి ఏకంగా పెద్దపేగునే కోసి తీసేసేవాడు. 1919లో అమెరికాలో వాల్టర్ అల్వారెజ్ అనే డాక్టరు ఒక చిన్న ప్రశ్న వేశాడు. మోషన్ కాక తలనొప్పి, చిరాకు, మత్తు ఉన్నవాడికి మోషన్ అయిన నిమిషంలో హాయిగా ఉంటోంది కదా, మరి రక్తంలో విషమే కలిసి ఉంటే అంత త్వరగా ఎలా పోయింది? ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు మలద్వారం లోపల దూది కూరి చూస్తే కూడా అదే తలనొప్పి, అదే మత్తు. దూదిలో విషమేముంది, పేగు సాగి బిగుసుకోవడమే బాధ. మీ బావమరిది తేలికదనానికి జవాబు అప్పుడే దొరికింది.

నష్టాలు. గొట్టం గుచ్చుకునో నీళ్ళ ఒత్తిడికో పేగుకు చిల్లు పడొచ్చు. అరుదే, కాదనను, కానీ పడితే అదే రోజు పొట్ట కోయాలి. అన్నన్ని నీళ్ళు పంపితే కొన్నిటిని పేగు పీల్చుకుంటుంది, ఒంట్లో సోడియం, పొటాషియం లెక్క తప్పుతుంది, గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు అది ప్రాణం మీదికొస్తుంది. మూడోది శుభ్రత. అమెరికాలో కొలరాడో రాష్ట్రంలో 1978 జూన్ నుంచి 1980 డిసెంబరు దాకా ఒకే క్లినిక్‌లో ఇలా కడిగించుకున్న వాళ్ళలో కనీసం 36 మందికి అమీబా జబ్బు అంటుకుంది. పది మందికి పెద్దపేగు తీసేయాల్సి వచ్చింది, వాళ్ళలో ఆరుగురు చనిపోయారు. రోజూ కడిగినట్టే కడిగిన మిషన్ను పరీక్ష చేస్తే దాన్నిండా మలంలో ఉండే క్రిములే. ‘పైపు ఎవరిది వాళ్ళకే, వాడి పారేస్తాం’ అంటారు, మంచిదే, పైపు వెనకున్న మిషన్ సంగతేంటి, అందులోకొచ్చే నీళ్ళు బోరువా, క్యాన్‌వా? ఆ దేశంలో మందులకూ మిషన్లకూ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ కూడా ఇలాంటి మిషన్లను పరీక్షలకు ముందు పేగు ఖాళీ చేయడంలాంటి వైద్య అవసరాలకే ఒప్పుకుంది, ఊరికే ఆరోగ్యం కోసం కడుక్కోవడానికి ఒక్కదానికీ అనుమతివ్వలేదు.

ఇక లాభం. మీలాంటి వాళ్ళకు ఆ ఒక పూట తేలికదనం తప్ప నాకేమీ కనపడటం లేదు.

ఇదంతా ఒక ఎత్తు, మీ ఉత్తరంలో మీరు గబగబా దాటేసిన రెండు వాక్యాలు ఒక ఎత్తు. 56 ఏళ్ళ మనిషికి గడియారంలా వచ్చే మోషన్ ఆరు నెలల నుంచి మారిపోవడం, చిటికెన వేలంత సన్నబడటం, రక్తం. ఇవి మూడూ ఒకచోట కనపడితే అది కడిగించుకునే కడుపు కాదు, లోపల చూపించుకోవాల్సిన కడుపు. మొలలే అయి ఉండొచ్చు, చాలామందికి అవే ఉంటాయి, కానీ మొలలని మీరు అనుకున్నారు, ఎవరూ చూసి చెప్పలేదు. పెద్దపేగులో గడ్డ పెరిగితే కూడా ఇలాగే మొదలవుతుంది, మొదట్లో పట్టుకుంటే ఆపరేషన్‌తో పూర్తిగా నయమయ్యే అవకాశం బాగా ఉంటుంది. గడ్డ ఉన్న పేగులోకి నలభై లీటర్లు పంపితే ఏమవుతుందో నేను రాయక్కర్లేదు. అంతకన్నా నన్ను భయపెట్టేది ఇంకోటి. మూడు సిట్టింగులకు కడుపు తేలికై ‘తగ్గిపోయిందిలే’ అని మీరు ఇంకో ఆరు నెలలు గుంట గట్టునే కూర్చుంటారు.

భయపెట్టొద్దన్నారు, అందుకని కొలనోస్కోపీ, అంటే కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష, ఎలా ఉంటుందో కూడా చెప్తాను, సగం మంది దాని పేరు విని పారిపోతారు కాబట్టి. ముందురోజు తేలికపాటి తిండి, సాయంత్రం నుంచి నిమ్మ వాసనొచ్చే ఒక పొడి రెండు లీటర్ల నీళ్ళలో కలిపిస్తారు (ఒక్కోసారి నాలుగు), కొంచెం కొంచెంగా తాగాలి. రుచి ఏం బాగుండదు, చల్లగా ఉంటే నయం. పది పన్నెండు సార్లు పోవాల్సి ఉంటుంది, చివరికి పలచటి పసుపు నీళ్ళు. చూశారా, పేగు కడగడమంటే మీకు అంత మోజుగా ఉంటే అది నిజంగా జరిగేది ఇక్కడే, పైనుంచి, గొట్టం లేకుండా. మర్నాడు మత్తిస్తారు, అరగంట పని. నేను పక్కన నిలబడి ఆ తెర చూసినప్పుడల్లా అనుకుంటాను, ఈ పేగును ఒక్కసారి అందరికీ చూపిస్తే బాగుండు అని, తడి తడిగా మెరుస్తా లేత గులాబీ రంగులో, సన్నటి రక్తనాళాలు చెట్టు కొమ్మల్లా అల్లుకుని, ఎంత శుభ్రంగా ఉంటుందనుకున్నారు, మురికి పొర అన్నమాటే లేదు. చిన్న చిన్న బుడిపెలుంటే అక్కడికక్కడే తీసేస్తారు, అవే కొన్నేళ్ళకు గడ్డలయ్యేవి.

ఈ సంచిక మీ చేతికొచ్చిన వారంలోనే వెళ్ళండి. నెల్లూరు పొగతోటలో గ్యాస్ట్రో డాక్టర్లకు కొదవ లేదు, ఖర్చు కష్టమైతే పెద్దాసుపత్రి ఉంది. రక్తహీనత ఉందేమో రక్తపరీక్ష కూడా చేయించండి. ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ వచ్చిందా అన్నది డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి.

ప్రశ్న: మా అమ్మకు 70. బీపీ ఉంది, క్రియాటినిన్ 2.1 అన్నారు. మాది కనిగిరి, ఇప్పుడు ఒంగోల్లో ఉంటున్నాం. మోషన్ సరిగా కాక ఏడుస్తోంది. పిన్ని కొడుకు పేగులు కడిగిస్తే కిడ్నీ మీద భారం తగ్గుతుందని చెప్తున్నాడు, నిజమేనా?

జవాబు: కాదమ్మా. భారం పెరుగుతుంది. క్రియాటినిన్ అంత ఉందంటే కిడ్నీ దెబ్బతిన్నట్టే, అలాంటి మనిషికి అదనంగా వచ్చిన నీళ్ళనూ ఉప్పులనూ బయటికి పంపే శక్తే తక్కువ, కాబట్టి ఈ చికిత్స వద్దని గట్టిగా చెప్పాల్సిన వాళ్ళలో మీ అమ్మగారు మొదటి వరసలో ఉంటారు. మెడికల్ షాపులో దొరికే ఫాస్ఫేట్ ఎనిమా సీసాలు కూడా మీ అంతట మీరు కొని వాడొద్దు. మామూలు మనిషికి ఒకటి ఫర్వాలేదు గానీ కిడ్నీ జబ్బున్న పెద్దవాళ్ళలో రక్తంలో ఫాస్ఫేట్ పెరిగిపోయి కాల్షియం పడిపోతుంది, ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. కనిగిరి వైపు నీళ్ళలో ఫ్లోరైడు బాధ మీకు నేను చెప్పాలా, ఆ ప్రాంతం నుంచి వచ్చినవాళ్ళు కిడ్నీ విషయంలో రెండింతలు జాగ్రత్తగా ఉండటం మంచిది. ఆమె వేసుకునే మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకుని కిడ్నీ డాక్టరు దగ్గరికే పోండి. ఐరన్ మాత్రలు, కాల్షియం మాత్రలు, కొన్ని బీపీ మందులు, మోకాళ్ళ నొప్పులకిచ్చే ట్రమడాల్, ఇవన్నీ మోషన్‌ను బిగబట్టేస్తాయి. ఒకటి మార్చితేనే సర్దుకోవచ్చు. మామూలు వాళ్ళకు నేను నీళ్ళు బాగా తాగమంటాను, ఆమెకు మాత్రం ఎన్ని తాగాలో ఆ డాక్టరే చెప్పాలి.

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్ని, ఇందుకూరుపేట మండలం. పల్లిపాడు ఆశ్రమాన్ని 1921లో ప్రారంభించిన గాంధీ గారే రోజూ ఎనిమా తీసుకునేవారు. ఆయుర్వేదంలో వస్తి కర్మ ఉంది. యోగాలో శంఖ ప్రక్షాళన ఉంది. మీ ఇంగ్లీషు వైద్యులకు మాత్రం అన్నీ తప్పే. ఇది న్యాయమా?

జవాబు: మాస్టారూ, తిట్టండి, పడతాను, కానీ మూడిటినీ ఒకే గాటన కట్టొద్దు. గాంధీ గారు ఎనిమాను, మట్టిపట్టీలను బాగా నమ్మిన మాట నిజమే. ఆ రోజుల్లో ఎనిమా అంటే మా తాత ఇంట్లోనూ ఉండేది. తలుపు వెనక మేకుకు వేలాడే తెల్ల ఎనామిల్ డబ్బా, అంచుల్లో పెచ్చులూడి, దానికి ఎర్ర రబ్బరు గొట్టం, చివర నల్ల ముక్కు. అందులో పట్టేది లీటరు, మహా అయితే లీటరున్నర నీళ్ళు. చివరి అడుగు, అడుగున్నర పేగు ఖాళీ చేయడానికి సరిపోతుంది. మిషన్ పెట్టి గంటసేపు నలభై లీటర్లు తిప్పడానికీ దానికీ పోలిక లేదు. ఎప్పుడో ఒకసారి గట్టిపడినప్పుడు సాదా గోరువెచ్చటి నీళ్ళ ఎనిమాకు నేనూ అభ్యంతరం చెప్పను. రోజూ అంటే మాత్రం వద్దంటాను, మనసూ శరీరమూ రెండూ ఆ డబ్బా లేనిదే కదలమని మొండికేస్తాయి.

వస్తి సంగతి వేరే. అది కడగడం కాదు, మందు ఇచ్చే దారి. కషాయ వస్తి అయినా దాదాపు లీటరు, తైల వస్తి అయితే ఇంకా బాగా తక్కువ, అదీ కొన్ని గంటలు లోపలే నిలవాలి. చదువుకున్న ఆయుర్వేద డాక్టరు రోగిని చూసి ఎవరికి పనికొస్తుందో ఎవరికి రాదో తేల్చి ఇవ్వాల్సింది. ఇప్పుడు బోర్డు మీద ‘పంచకర్మ’ అని రాసి లోపల మిషన్ తిప్పేవాళ్ళున్నారు, మీ కోపం నిజానికి వాళ్ళ మీద ఉండాలి.

శంఖ ప్రక్షాళన ఉప్పునీళ్ళు గ్లాసు మీద గ్లాసు తాగుతూ ఆసనాలు వేయడం, మూడు లీటర్లు దాటుతుంది. గురువు ఎదురుగా, ఆరోగ్యంగా ఉన్న మనిషి ఏడాదికోసారి చేస్తే చేసుకోనీండి. బీపీ, గుండె, కిడ్నీ, అల్సర్ ఉన్నవాళ్ళు వీడియో చూసి ఇంట్లో మొదలుపెట్టొద్దు. మీకు బీపీ ఉందో లేదో రాయలేదు, ఈ ఉత్తరం చదివితే మాత్రం ఉందేమో అనిపించింది.

ప్రశ్న: మాది చీమకుర్తి. మా తమ్ముడు 29 ఏళ్ళవాడు, క్వారీలో పైనుంచి పడి వెన్నెముక విరిగింది, నడుము కింద స్పర్శ లేదు. ఆసుపత్రిలో మలద్వారం నుంచి నీళ్ళు పెట్టి మోషన్ చేయించడం నేర్పారు. రోజు మార్చి రోజు నేనే చేస్తున్నా. ఇప్పుడు అందరూ ‘అట్టా చేస్తే పేగు పాడైపోద్ది, ఆపెయ్’ అంటున్నారు. భయమేస్తోంది.

జవాబు: ఆపొద్దు. వీటన్నిటిలో నిజంగా పని చేసే చోటు మీ ఇల్లే. వెన్నుపాము దెబ్బతింటే పేగుకు ఎప్పుడు పట్టుకోవాలో ఎప్పుడు వదలాలో చెప్పే తీగ తెగిపోయినట్టు, అలాంటివాళ్ళకు ఈ పద్ధతి మలబద్ధకాన్నీ, తెలియకుండా బట్టల్లో అయిపోవడాన్నీ తగ్గిస్తుందని పరీక్షించి తేల్చారు. బయటికి పోతే పరువు పోతుందేమో అన్న టెన్షన్ లేకుండా చక్రాల కుర్చీలో బజారుకు వెళ్ళగలగడం మీ తమ్ముడికి ఎంత పెద్ద సంగతో పక్కింటివాళ్ళకు తెలియదు. పేగుకు చిల్లు పడే ప్రమాదం, పద్ధతిగా చేస్తే, పది లక్షల సార్లకు రెండు సార్ల లెక్కన ఉంటుంది.

పద్ధతి మాత్రం తప్పొద్దు. తాగడానికి పనికొచ్చే నీళ్ళే వాడండి, ఒంటి వేడి అంతే ఉండాలి, మోచేతి మీద పోసుకుని చూడండి. అర లీటరు నుంచి లీటరు, డాక్టరు చెప్పినంతే, నిదానంగా. పడుకోబెట్టి కాదు, కుదిరితే కమోడ్ మీద కూర్చోబెట్టి. తిన్న అరగంటకు చేస్తే పేగు దానంతట అది కూడా కదులుతుంది, మీకు పని సులువు. ఇంకోటి, దెబ్బ ఛాతీ మధ్య భాగం కన్నా పైన తగిలినవాళ్ళకు నీళ్ళు పెట్టేటప్పుడు ఉన్నట్టుండి పగిలిపోయేంత తలనొప్పి, ముఖం ఎర్రబడటం, చెమటలు వస్తే బీపీ ఆకాశానికి పోతోందని అర్థం. వెంటనే నీళ్ళు ఆపి కూర్చోబెట్టండి, తగ్గకపోతే ఆసుపత్రికి పోండి. మీ తమ్ముడికి దెబ్బ ఎంత ఎత్తులో ఉందో డిశ్చార్జి కాగితంలో ఉంటుంది, ఈసారి వెళ్ళినప్పుడు అడిగి తెలుసుకోండి. రక్తం ఎక్కువగా పడినా, పొట్ట రాయిలా గట్టిపడినా, చలిజ్వరం వచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పోండి. ఇంకో సంగతి, నెలకోసారైనా ఆ పని చేసేలా వేరే ఎవరికైనా నేర్పించి పెట్టుకోండి, మీకూ ఒక రోజు జ్వరం వస్తుంది కదా.

ప్రశ్న: సార్, నెల్లూరులో వర్క్ ఫ్రమ్ హోమ్ చేస్తున్నా. కాఫీ ఎనిమాతో లివర్ డీటాక్స్ అవుతుందని చూశాను. ఇన్‌స్టంట్ కాఫీ పొడి వాడొచ్చా, ఫిల్టర్ కాఫీనే వాడాలా?

జవాబు: ఏదైనా నోటితోనే తాగు బాబూ. అవతలి దారిన పంపితే పేగు కాలి పుండ్లు పడటం, ఉప్పులు తారుమారై మనుషులు చనిపోవడం కూడా జరిగాయి, 1980లోనే డాక్టర్లు అచ్చులో రాశారు.

ప్రశ్న: మా పాపకు నాలుగేళ్ళు. మోషన్ రాళ్ళలా గట్టిగా వస్తుంది, ఏడుస్తుంది. అత్తగారు సబ్బు ముక్క చెక్కి పెడతారు, లేదంటే తమలపాకు కాడ ఆముదంలో ముంచి పెడతారు. వద్దంటే ‘నీ మొగుణ్ణి ఇట్టాగే పెంచినాం’ అంటారు.

జవాబు: సబ్బు మానిపించండి, లోపలి పొర మంటపుట్టి వాచిపోతుంది. కాడ వల్ల అంత హాని లేదు గానీ రోజూ అదే అయితే పిల్లకు బాత్రూమంటేనే భయం పట్టుకుంటుంది, బిగబట్టుకుంటుంది, ఇంకా గట్టిపడుతుంది, మళ్ళీ కాడ. పాలు రోజుకు ఎన్ని గ్లాసులు తాగుతోందో చూడండి, మన ఇళ్ళల్లో అన్నం తినదని పాలు పట్టేస్తుంటారు, చాలామంది పిల్లలకు చిక్కంతా అక్కడే. రెండు గ్లాసులకు తగ్గించి జామపండు, అరటిపండు, పప్పులో ఆకుకూర, నీళ్ళు అలవాటు చేయండి. పొద్దున పాలు తాగిన పావుగంటకు కూర్చోబెట్టండి, వెస్టర్న్ కమోడ్ అయితే కాళ్ళ కింద పీట వేయండి, కాళ్ళు గాల్లో వేలాడుతుంటే పిల్లలు ముక్కలేరు. రెండు వారాల్లో మారకపోతే పిల్లల డాక్టరు లాక్టులోజ్ లాంటి సిరప్ రాస్తారు, దాన్ని మూడు రోజులకే ఆపేయకుండా ఆయన చెప్పినన్నాళ్ళు వాడండి. అత్తగారితో గొడవొద్దు, పొద్దున ఆ పీట మీద పాపను కూర్చోబెట్టి కథ చెప్పే పని ఆమెకే అప్పగించండి.